ఆ గోడ కట్టిన రోజు గురించే రాయి

నాయనా,

ఆశీస్సులు. రష్యా చిత్రకారుడు అపోలినారీ వాస్నెత్సోవ్ వేసిన ‘ఇవాన్ కలితా కాలపు మాస్కో క్రెమ్లిన్’ చిత్రం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. పద్నాలుగో శతాబ్దంలో మాస్కోను ఏలిన ఇవాన్ కలితా కట్టించిన కొయ్య కోట అది. నీ వాక్యం హాయిగా సాగుతుంది. కానీ మొదటి పేరాలోనే “నేటి ఎర్ర ఇటుక క్రెమ్లిన్‌కు ఇదే పునాది” అన్నావు. ఆ మాట కొట్టెయ్యి.

ఆయన ఆ బొమ్మ వేసింది 1921లో. అప్పటికి మాస్కోలో అందరి కళ్లముందూ ఉన్నవి ఎర్ర ఇటుక గోడలే. 1485 నుంచి ఇటలీ మేస్త్రీలు వచ్చి కట్టినవవి. వాటిని మనసులోంచి తీసేస్తే తప్ప, అంతకు దాదాపు 150 ఏళ్ల ముందటి ఓక్ దుంగల గోడ కనిపించదు. వాస్నెత్సోవ్ పాత మాస్కో గురించి పరిశోధించే బృందానికి పెద్దగా ఉన్నవాడు. పాత పటాలు, చరిత్ర గ్రంథాలు బాగా ఎరిగినవాడు. అంత తెలిసీ బొమ్మలో ఎక్కడా పాండిత్యం చూపించలేదు. కింద నది, పడవలు, గట్టు మీద కొయ్య గోడ, లోపల తెల్లరాతి చర్చి, చుట్టూ కొయ్య ఇళ్లు. అంతే. చూసేవాడికి అది చాలు.

ఇంకో మాట. “ఈ గోడ తగలబడిపోతుందని పాపం వాళ్లకు తెలియదు” అని రాశావు. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. 1331లో, మళ్లీ 1337లో మాస్కో కాలింది. 1339 చలికాలంలో దుంగలు మోసినవాళ్లలో ఎంతమంది ఆ మంటలు చూశారో! నిప్పంటే ఏమిటో నీకన్నా, నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. తెలిసీ కొయ్యతోనే కట్టారు. చుట్టూ అడవి ఉంది, గొడ్డలి పని చేతిలో ఉంది, ఆ గోడ వసంతానికల్లా లేచి నిలబడింది. వాళ్ల మీద జాలి పడకు. ఆ నిర్ణయం వెనక ఉన్న లెక్క పట్టుకో, నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది.

1365 మంటల సంగతి, ఆ తర్వాత కలితా మనవడు ద్మీత్రీ కట్టించిన తెల్లరాతి గోడ సంగతి నీకు తెలుసు కాబట్టి ఇక్కడే చెప్పెయ్యాలని ఆత్రం పడ్డావు. వాస్నెత్సోవ్ ఆగాడు. ఆ తెల్లగోడల క్రెమ్లిన్‌ను మరుసటి ఏడాది విడిగా ఇంకో చిత్రంగా వేశాడు. నువ్వూ దానికి ఇంకో వ్యాసం రాయి. ఇందులో మాత్రం 1340 దాటి ఒక్క రోజు కూడా ముందుకు వెళ్లకు.

శుభం.