కొండ వార ఇల్లు, అమ్మ మోకాళ్ళు

ప్రశ్న: సార్, మాది ఉదయగిరి దగ్గర పల్లె. కొండ వార 60 అంకణాల (దాదాపు 480 గజాల) స్థలం ఉంది, రోడ్డు తూర్పున, అక్కడి నుంచి పడమరకి దాదాపు మనిషి నిలువు ఎత్తు పెరుగుతుంది. రాతి గోడలతో కొత్త మోడల్‌లో కట్టుకోవాలని నా ఆశ. మేస్త్రీ ఏమో జేసీబీతో చదును చేసేసి రోడ్డు వైపు మట్టి తోలిద్దాం అంటున్నాడు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటేనే భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: మట్టి తోలించొద్దు బాబూ. సగం ఇల్లు గట్టి గరుసు మీద, సగం పోసిన మట్టి మీద కూర్చుంటే రెండు వానలకే ఆ సగం కుంగి, సరిగ్గా రెండూ కలిసే చోట గోడ పైనుంచి కింద దాకా చీలుద్ది. రెండు లెవెల్స్ పెట్టుకోండి, మధ్యలో రెండున్నర అడుగుల తేడా, అంటే ఆరంగుళాల మెట్లు ఐదు. అమ్మ గది, వంటిల్లు, హాలు, బాత్‌రూమ్ అన్నీ రోడ్డు వైపు కింద లెవెల్లోనే, పిల్లల గదులు పైన. ర్యాంప్ వేద్దాం అనుకుంటారేమో, ఆ ఎత్తుకి సరైన వాలు రావాలంటే 30 అడుగుల పొడవు కావాలి, దండగ. ఇంకో మాట, పడమర మెరక తూర్పు పల్లం అంటే వాస్తు చూసేవాళ్ళు కూడా ఎగిరి గంతేస్తారు, ఆ గొడవ మీకు లేదు.

పునాది తవ్వితే వచ్చిన రాయే గోడకి వాడండి. పని జరిగేటప్పుడు పక్కన నిలబడండి, ఎందుకంటే కొందరు ఈ పక్కొక వరస ఆ పక్కొక వరస పేర్చి మధ్యలో రాతి ముక్కలు కుక్కేస్తారు, కొన్నేళ్ళకి గోడ కడుపొచ్చినట్టు ఉబ్బుద్ది. మూడు నాలుగు అడుగులకొకటి గోడ మందం మొత్తం పట్టే పొడుగు రాయి పడాల్సిందే. రాతి గోడ చల్లన అంటారు గానీ మే నెలలో పడమటి గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి లోపలికి వదులుద్ది, ఆ పక్క స్టోరు, పిల్లల బాత్‌రూమ్ పెట్టి బయట పందిరి వెయ్యండి. నేలకి కడప బండలు చాలు, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వంటగట్టుకే, తడి కాళ్ళకి జారుద్ది కదా, అమ్మ ఉంది. మార్కాపురం పలక రాయి వరండా గోడకి బాగుంటుంది.

అన్నిటికంటే ముందు నీళ్ళ సంగతి చూడండి. నేను మా ఇంటి వెనక అడ్డగోడలో నీళ్ళు పోయే పైపులు పెట్టించలా, ఖర్చు అనుకున్నా, నవంబర్ ముసురుకి వెనక మట్టి నాని గోడ పొద్దున్నే పెరట్లో పడుంది. ఇంటికి పైన అడ్డంగా ఒక కాలవ తవ్వి కొండ నీళ్ళు పక్కకి మళ్ళించండి, అది అక్టోబర్ లోపే అయిపోవాలి.