నాన్‌బ్లాకింగ్ ఫ్లాగ్ పెడితే ఫైల్ రీడ్ ఆగకుండా సాగుతుందా?

సాగదు, లినక్స్‌లో ఓ_నాన్‌బ్లాక్ ఫ్లాగ్ (డేటా లేకపోతే వేచి ఉండకుండా వెంటనే తిరిగి రమ్మనే సూచన) ప్రభావం ప్రోగ్రామ్‌లు డేటా ఇచ్చిపుచ్చుకునే సాకెట్లు, పైపుల వంటి వాటికే తప్ప డిస్క్‌పై ఉన్న మామూలు ఫైళ్లకు ఉండదు. డేటా ఎప్పుడు వస్తుందో తెలియని సాకెట్‌కు ‘ఇంకా సిద్ధంగా లేదు’ అనే స్థితి ఉంటుంది గానీ, మామూలు ఫైల్‌ను కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం) ఎల్లప్పుడూ సిద్ధంగా ఉన్నట్టే లెక్కిస్తుంది కనుక, కావలసిన భాగం పేజీ క్యాష్‌లో (డిస్క్ డేటా ప్రతిని ఉంచే మెమరీలో) లేకపోతే డిస్క్ నుంచి అది వచ్చేదాకా థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పని నడిపే ధార) వేచి ఉండవలసిందే. ఏ సాకెట్ సిద్ధమైందో తెలిపే లినక్స్ సదుపాయం ఈపోల్‌కు అలాంటి ఫైల్‌ను అప్పగిస్తే ఈపెర్మ్ (‘అనుమతి లేదు’) లోపంతో నేరుగా నిరాకరిస్తుంది. అందుకే ఉదాహరణకు జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్.జెఎస్ అసింక్ (ఫలితం కోసం ఆగకుండా సాగే) ఫైల్ పనులను తన లిబ్‌యూవీ లైబ్రరీలోని థ్రెడ్ పూల్‌కు (మామూలుగా 4 థ్రెడ్లు) పంపుతుంది. 2019లో లినక్స్ 5.1తో వచ్చిన ఐఓ_యూరింగ్ అనే సదుపాయం అయితే అభ్యర్థనను క్యూలో ఉంచి, ఫలితాన్ని తరువాత తీసుకోనిస్తుంది. అసింక్ వల్ల ఒక్కొక్క రీడ్ త్వరగా ముగుస్తుందనుకోవడం మాత్రం పొరపాటు: డిస్క్ వేగం మారదు, ఆ వ్యవధిలో ప్రోగ్రామ్ వేరే పని చేసుకోగలుగుతుంది, అంతే.