షేక్‌స్పియర్ జీవితం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన రెండు అధ్యాయాలూ చదివాను. వచనం హాయిగా సాగింది. కానీ కొడుకు సమాధి దగ్గర షేక్‌స్పియర్ కుప్పకూలి ఏడ్చాడని రాశావే, అది తీసెయ్. హామ్నెట్‌ను 1596 ఆగస్టు 11న ఖననం చేశారని వాళ్ల సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ చర్చి రిజిస్టరులో ఒక్క పంక్తి ఉంది, అంతే. తండ్రి ఆ రోజు ఊళ్లో ఉన్నాడో లేదో అందులో లేదు. కబురు అందేసరికే అంతా అయిపోయి ఉండొచ్చు కూడా. ఆ మాట రాస్తే చాలు, ఏడుపు పాఠకుడే చూసుకుంటాడు.

ఆయన గురించి మిగిలిన కాగితాల్లో ఏదీ ఆయన కథ చెప్పడానికి పుట్టలేదు. పన్ను కోసం, పూచీకత్తు కోసం, దావా కోసం ఎవరో గుమాస్తా రాసుకున్నవి. కాబట్టి ఏది చేతికొచ్చినా దీన్ని ఎందుకు రాశారని ముందు అడుగు.

పెళ్లి సంగతే చూడు. 1582 నవంబరు 27న వూస్టర్ బిషప్ రిజిస్టరులో వధువు పేరు ఆన్ వేట్లీ. మర్నాటి 40 పౌండ్ల పూచీకత్తు పత్రంలో ఆన్ హాథవే. ఇంకేముంది, మనసిచ్చింది ఒకరికి, తాళి కట్టింది ఇంకొకరికి అని కొందరు అల్లేశారు! ఆ 27వ తేదీనే అదే కార్యాలయంలో వేట్లీ అనే ఇంకో ఆయన వ్యాజ్యం నడిచింది. గుమాస్తా చెయ్యి పొరబడిందనే నా నమ్మకం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1612 నాటి సాక్ష్యం. 1909లో వాలెస్ అనే పరిశోధక దంపతులు లండన్ రికార్డు ఆఫీసులో కట్టలు కట్టలు తిరగేసి బయటికి తీశారు. సిల్వర్ స్ట్రీట్‌లో మౌంట్‌జాయ్ అని, ఆడవాళ్ల తలపాగాలు, అలంకారాలు చేసే ఫ్రెంచివాడు. షేక్‌స్పియర్ ఆ ఇంట్లో అద్దెకున్నాడు. మౌంట్‌జాయ్ కూతుర్ని అక్కడే పని నేర్చుకున్న కుర్రాడికిచ్చారు. ఒప్పుకున్న కట్నం ఇవ్వలేదని అల్లుడు మామ మీద దావా వేశాడు. పెళ్లికి కుర్రాణ్ని ఒప్పించమని ఇంటావిడ తనను అడిగిందని షేక్‌స్పియర్ చెప్పాడు. కుర్రాడు మంచివాడు, కష్టపడేవాడు అన్నాడు. కట్నం ఎంతన్నారో మాత్రం గుర్తులేదన్నాడు. కింద సంతకం పేరు పూర్తిగా లేకుండా గిలికినట్టుంది. మరచిపోయాడా, తప్పించుకున్నాడా? రెండూ రాయి, తేల్చకు. హామ్లెట్ రాసినవాడు పెళ్లిమాటలు నడిపిన మధ్యవర్తి అన్న ఒక్క సంగతికే పది పేజీలు ఇవ్వొచ్చు, అద్దె గది, వీధి, కట్నం బేరంతో సహా.

వీలునామాలో భార్యకు రాసిన ‘రెండో మంచి మంచం’ కూడా అంతే. ఆ మాట పంక్తుల మధ్య ఇరికించి రాశారు. అవమానమని కొందరు, మేలు మంచం అతిథులకు ఉంచేవారు కనుక అది దంపతుల మంచమేనని కొందరు. రెండు వాక్యాల్లో చెప్పి దాటెయ్, ఇప్పటికే ఆ మంచం మీద మోయలేనంత బరువు పెట్టారు.

ఇక మూడో అధ్యాయం. 1585లో ఆయన కవల పిల్లల బాప్తిస్మం, 1592లో లండన్‌లో ఒక రచయిత ఆయన మీద వెళ్లగక్కిన అక్కసు. మధ్యలో దాదాపు ఏమీ లేదు. కుర్రతనంలో ఆయన జింకల్ని దొంగిలించాడన్న కథ పెట్టాలనుకుంటే పెట్టు, కానీ అది అచ్చయింది ఆయన పోయిన 93 ఏళ్లకు, 1709లో, అని ఆ వాక్యంలోనే చెప్పు. అధ్యాయం పేజీన్నరే వస్తే పేజీన్నరే పంపు, టెన్షన్ పడకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు