జిమ్ ట్రైనర్ ఉద్యోగంలో చేరబోతున్న మేనల్లుడికి

అల్లుడూ,

డిగ్రీ చేతికి రాగానే జిమ్ ట్రైనర్‌గా చేరతానంటున్నావని అక్క చెప్పింది. చేరు, నేనేం వద్దనను. చేరేముందు డబ్బు లెక్క మాత్రం సరిగ్గా చూసుకో.

జిమ్‌లో ఆదాయం రెండు ముక్కలు. ఒకటి ఫ్లోర్ జీతం, అంటే నెలనెలా వచ్చే స్థిర జీతం. రెండోది పర్సనల్ ట్రైనింగ్ మీద కమిషన్. పీటీ అంటారే, అసలు సంపాదన దాన్లోనే. 12 సెషన్ల ప్యాకేజీ 8,000 అనుకో, నీ వాటా 40 శాతం అనుకో. 3,200 వస్తుంది, అంటే సెషన్‌కు 267 రూపాయలు. ఆరుగురు ఉంటే నెలకు 19,200, అందుకు 72 గంటలు నిలబడాలి. శాతం ఎంతని అందరూ అడుగుతారు. నువ్వు ఇంకో మూడు అడుగు: క్లయింట్ ఎగ్గొట్టిన సెషన్‌కు డబ్బు వస్తుందా? కమిషన్ ఇచ్చేది ఫీజు కట్టిన నెలలోనా, సెషన్లు పూర్తయ్యాకా? ప్యాకేజీ మధ్యలో నువ్వు మానేస్తే మిగతాది ఎవరికి? కాగితం మీద ‘కన్సల్టెంట్’ అని రాసి టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోస్తామంటే పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండవని అర్థం. ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000. ఆ లోపు జీతమైతే మొహమాటపడకుండా అడుగు, మోకాలు పట్టేసిన రోజున పనికొచ్చేది అదే.

ఇళ్లకు వెళ్లి చేయిస్తే సెషన్‌కు 600 వస్తుందని మురిసిపోకు. పోనూ రానూ గంట ట్రాఫిక్‌లో పోతే గంటకు 300 పడినట్టు, పెట్రోలు మళ్లీ నీదే. అదే ఒకే అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు దొరికితే కథ మారుతుంది. కాబట్టి ఊరంతా తిరగకుండా ఒక కాలనీ పట్టుకో.

సర్టిఫికెట్ సంగతి. రెండు రోజుల్లో ఇచ్చేది గోడకు తగిలించుకోవడానికే. ఏస్ (అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్) పెట్టే ట్రైనర్ పరీక్షకు చదువు. 150 ప్రశ్నలు, మూడు గంటలు, 800కు 500 స్కోరు రావాలి. రెండేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది, ఆ ఖర్చు కూడా లెక్కేసుకో. బడిలో పీఈటీ అవ్వాలనే ఆశ ఏ మూలనైనా ఉంటే ఇవేవీ పనికిరావు. దానికి డీపీఎడ్ లేదా బీపీఎడ్ చదవాలి, టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ రాయాలి.

ఇక పని నేర్చుకోవడం. కొత్త ట్రైనర్లందరూ చేసే తప్పు మొదటి రోజే క్లయింట్‌ను పిండేయడం. నాలుగేళ్లుగా కుర్చీలోంచి లేవని మనిషితో వంద స్క్వాట్లు తీయిస్తారు. మర్నాడు ఆయన మెట్లు దిగలేడు, వారంలో మానేస్తాడు. అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. కండ విపరీతంగా దెబ్బతింటే అందులోని ప్రొటీన్ రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. మూత్రం కోలా రంగులో వస్తోందని ఎవరైనా చెబితే నీళ్లు తాగమని సర్దిచెప్పకు, వెంటనే ఆసుపత్రికి పంపు.

నలభై అయిదేళ్ల ఆఫీసు మనిషి వచ్చాడనుకో. 18 అంగుళాల ఎత్తు బెంచి వెనక పెట్టి, కూర్చుని లేవమను. పక్క నుంచి చూడు. మడమలు లేస్తున్నాయంటే చాలామందికి చీలమండ బిగుసుకుపోయి ఉంటుంది. మడమల కింద చెరో 2.5 కిలోల ప్లేటు పెడితే అప్పటికప్పుడే తేడా తెలుస్తుంది. ఎదురుగా నిలబడి చూస్తే మోకాళ్లు లోపలికి పడుతున్నాయా? బరువు ఇవ్వకు, మోకాళ్లకు పైన రబ్బరు బ్యాండు వేసి బయటికి నెట్టమను. మొదటి రోజుకు ఎనిమిదేసి చొప్పున రెండు సెట్లు, మధ్యలో 90 సెకన్లు, అంతే. ‘ఇంతేనా?’ అంటూ ఇంటికెళ్లాలి. అలా వెళ్లినవాడే ఎల్లుండి వస్తాడు. ఎంత బరువు, ఎన్ని సార్లు, ఎక్కడ నొప్పన్నాడు, అన్నీ నోటు పుస్తకంలో రాయి. మూడో నెల రెన్యూవల్ అడిగేటప్పుడు ఆ పేజీలు తిప్పి చూపిస్తే నువ్వు వేరే మాట్లాడక్కర్లేదు.

మన దగ్గర షుగరు, బీపీ లేని ఇల్లు అరుదు. చేర్చుకునేటప్పుడే ఆరోగ్య ప్రశ్నల ఫారం నింపించు, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం అన్నచోట టిక్కు పడితే డాక్టరు చీటీ తెచ్చేదాకా మొదలుపెట్టకు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు చెమటలు పట్టి, చేతులు వణికి, పొంతన లేకుండా మాట్లాడితే ఆపేసి షుగరు చూడు. 70 లోపు ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడు. బ్యాగులో గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉండాలి. సీపీఆర్ వీడియోలు చూస్తే రాదు, బొమ్మ మీద చేసి నేర్చుకో. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, పక్కవాడు 108కి ఫోను.

మాల వేసుకున్నాయన 41 రోజులు రానంటే ‘సరే స్వామీ’ అని వదిలేయకు. ఒంటిపూట భోజనం కాబట్టి బరువులు సగానికి దించి వారానికి రెండు రోజులు రమ్మను. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్ల టైము ఇఫ్తార్ తర్వాతకు మార్చు. పూర్తిగా ఆగినవాళ్లలో చాలామంది మళ్లీ కనబడరు.

ఇంజక్షన్ల జోలికి పోకు. నువ్వు వేసుకోవద్దు, ఇంకొకరికి ఇప్పించనూ వద్దు. జిమ్‌లలో చాటుగా తిరిగే మెఫెంటెర్మిన్ ఆపరేషన్ థియేటర్‌లో పడిపోయిన బీపీని లేపడానికి వాడే మందు. దాన్ని ఎక్కించి బరువులు మోయిస్తే గుండె ఏమవుతుందో ఆలోచించు. లైసెన్సు లేకుండా అమ్మితే పోలీసు కేసే.

ఆఫర్ లెటర్ ఇచ్చాక సంతకం పెట్టేముందు నాలుగు పేజీలూ ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. కమిషన్ గురించిన పేజీ కాస్త వెలుతురులో తియ్యి, అక్షరాలు కనబడాలి.

మీ మామయ్య