మాక్‌బుక్‌తో ఫ్లైట్ కంట్రోలర్‌ను సిద్ధం చేస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఐదంగుళాల రెక్కల డ్రోనుకు ఫ్రేమ్ బిగించి, మోటార్ల తీగలన్నిటికీ టంకం పెట్టి, తీరా దాన్ని నడిపించే మెదడులాంటి బోర్డు, అంటే ఫ్లైట్ కంట్రోలర్‌ను మాక్‌బుక్‌కు తగిలిస్తే కంప్యూటర్ దాన్ని గుర్తించనే లేదని రాశావు. బోర్డు కాలిపోయిందని అప్పుడే తేల్చుకోకు తల్లీ. ముందు నీ చేతిలోని కేబుల్‌ను అనుమానించు.

ఇప్పటి మాక్‌బుక్‌లలో యూఎస్‌బీ-సీ పోర్టులే ఉంటాయి కనుక రెండు కొసలా సీ ఉన్న కేబులే నీ చేతికి వచ్చి ఉంటుంది. అటువైపు పరికరంలో 5.1 కిలో ఓముల చిన్న రెసిస్టర్లు కనిపిస్తేనే ల్యాప్‌టాప్ ఆ కేబుల్‌లోకి కరెంటు వదులుతుంది. కొన్ని ఫ్లైట్ కంట్రోలర్లలో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ రెసిస్టర్లు వేయరు. అలాంటి బోర్డుకు సీ-సీ కేబుల్ పెడితే లైటు కూడా వెలగదు, కానీ యూఎస్‌బీ-సీ నుంచి పాత యూఎస్‌బీ-ఏ రకానికి మార్చే అడాప్టర్ గానీ హబ్ గానీ మధ్యలో పెట్టి పాత రకం కేబుల్ వాడితే ఆ బోర్డే చక్కగా మేలుకుంటుంది. లైటు వెలిగి కూడా పోర్టు కనబడకపోతే అది ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే, డేటా తీగలు లేని కేబుల్ కావచ్చు. ఈ తేడా తెలియక నేను ఒకసారి నిక్షేపంలాంటి బోర్డును పక్కన పడేసి కొత్తది కొన్నాను. కొత్తది కూడా వెలగకపోయేసరికి గానీ నా చూపు కేబుల్ మీదికి పోలేదు.

ఆపిల్ చిప్ ఉన్న మాక్‌బుక్‌లలో మాక్‌ఓఎస్ వెంచురా వెర్షన్ నుంచి, కొత్త యూఎస్‌బీ పరికరం తగిలించగానే అనుమతి అడిగే కిటికీ వస్తుంది. దానికి అనుమతి ఇవ్వకపోతే బోర్డుకు కరెంటు అందుతుంది గానీ మాటామంతీ ఉండదు. డ్రైవర్ల గురించి మాత్రం బెంగ పెట్టుకోకు. వీడియోలలో విండోస్ వాడేవాళ్ళు డ్రైవర్లు మార్చే జాడిగ్ లాంటి సాధనాలతో పడే అవస్థ నీకు లేదు. బోర్డును నడిపే ఎస్‌టీఎం32 చిప్ నేరుగా యూఎస్‌బీకి కలిసిన బోర్డులకు మాక్‌లో వేరే డ్రైవర్ అక్కరలేదు. బోర్డు సెట్టింగులు మార్చే బీటాఫ్లైట్ యాప్‌ను బ్రౌజర్‌లోనే తెరవదలిస్తే క్రోమ్ వాడు, సఫారీలో ఆ పని జరగదు.

బోర్డు కలిసిన వెంటనే కొత్త ఫర్మ్‌వేర్ (బోర్డులో ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాం) ఎక్కించాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగు. ముందు యాప్‌లోని కమాండ్ లైన్ (సీఎల్ఐ) ట్యాబ్‌లోకి వెళ్ళి ‘వెర్షన్’ అని కొట్టి, వచ్చిన బోర్డు పేరును అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టుకో. తరువాత, మార్చిన సెట్టింగులన్నీ చూపే ‘డిఫ్ ఆల్’ అని కొట్టి, వచ్చినదంతా ఫైలుగా దాచుకో. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు చిప్‌ను పూర్తిగా తుడిచే ఎంపిక ఎంచుకుంటే పాత సెట్టింగులన్నీ పోతాయి, ఆ ఫైలొక్కటే నీకు మిగిలే ఆధారం. అయితే వెర్షన్ బాగా మారినప్పుడు దాన్ని గుడ్డిగా అతికించకూడదు. ఒక్కో వరుస చదివి అర్థం చేసుకుంటూ ఎక్కించుకోవాలి.

యాప్ తనంతట తాను బోర్డును డీఎఫ్‌యూ స్థితిలోకి, అంటే ఫర్మ్‌వేర్ ఎక్కించుకునే స్థితిలోకి పంపలేకపోతే, కేబుల్ తీసేసి, బోర్డు అంచున ఆవగింజంత ఉండే బూట్ బటన్‌ను టూత్‌పిక్‌తో నొక్కిపట్టి, అలాగే ఉంచి కేబుల్ తగిలించు. అప్పుడు మాక్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి యూఎస్‌బీ వరుసలో చూస్తే ‘ఎస్‌టీఎం32 బూట్‌లోడర్’ అన్న పేరు కనబడాలి. ఆ స్థితిలో మాక్‌కు అది కొత్త పరికరమే కనుక అనుమతి మళ్ళీ అడగవచ్చు. క్రోమ్ కూడా దానికి విడిగా అనుమతి కోరుతుంది. చాలామంది ఈ రెండో అనుమతి దగ్గరే ఆగిపోయి బోర్డును తిట్టుకుంటారు.

బీటాఫ్లైట్ 4.4 నుంచి ఫర్మ్‌వేర్‌ను మనకు కావలసిన అంశాలతో అప్పటికప్పుడు తయారుచేసి ఇస్తున్నారు. ఎస్‌టీఎం32లోని ఎఫ్‌411, ఎఫ్‌722 రకం చిప్పులలో ఉండేది 512 కిలోబైట్ల చోటే, అందులో అన్నీ పట్టవు. కనుక నీ రిసీవర్ ఈఎల్‌ఆర్‌ఎస్ (ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్) రకం అయితే, రేడియో ప్రోటోకాల్ దగ్గర, ఆ రిసీవర్ బోర్డుతో మాట్లాడే భాష అయిన సీఆర్‌ఎస్‌ఎఫ్ ఎంచుకోవడం మరచిపోకు. మరచిపోతే తీగలన్నీ సరిగా ఉన్నా రిసీవర్ ట్యాబ్‌లో ఒక్క గీత కూడా కదలదు.

పోర్ట్స్ ట్యాబ్‌లో రిసీవర్ కలిపిన యూఆర్ట్ (బోర్డు మీది సీరియల్ పోర్టు) ఎదుట సీరియల్ ఆర్‌ఎక్స్ మీట వెయ్యి. మొదటి వరుసలోని యూఎస్‌బీ వీసీపీని మాత్రం ముట్టుకోకు, అక్కడ యాప్ బోర్డుతో మాట్లాడే ఎమ్ఎస్‌పీని ఆపితే యాప్‌తో సంబంధమే తెగిపోతుంది. రిసీవర్ టీఎక్స్ (పంపే తీగ) బోర్డు ఆర్‌ఎక్స్ (అందుకునే తీగ)కు, దాని ఆర్‌ఎక్స్ బోర్డు టీఎక్స్‌కు కలవాలి. ట్రాన్స్‌మిటర్ స్టిక్కులు నడుమ ఉన్నప్పుడు రిసీవర్ ట్యాబ్‌లో విలువ 1500 దగ్గర నిలవాలి. తరువాత డ్రోనును చేతిలోకి తీసుకుని ముక్కు కిందికి వంచు. తెరమీది బొమ్మ కూడా ముక్కే వంచాలి. పక్కకు వాలిందంటే బోర్డును తిప్పి బిగించావన్నమాట, ఆ కోణాన్ని సెట్టింగులలో సరిచెయ్యి.

మోటార్ల పరీక్షకు ముందు నాలుగు రెక్కలూ ఊడదీయాలి. ఇందులో మొహమాటమూ తొందరా వద్దమ్మా. బల్ల మీద ఉన్న డ్రోను ఒక్కసారిగా నా మీదికి లేచిన రోజున నా ఎడమచేతి బొటనవేలికి మూడు కుట్లు పడ్డాయి. ‘ఒక్క మోటారే కదా’ అనుకుని రెక్కలు తీయకపోవడమే కారణం. యూఎస్‌బీ కరెంటుతో మోటార్లు తిరగవు కనుక బ్యాటరీ పెట్టక తప్పదు. మొదటిసారి స్మోక్ స్టాపర్ (షార్ట్ ఉంటే కరెంటును అడ్డుకునే చిన్న పరికరం) మధ్యలో ఉంచి పెట్టు. ఒకటో మోటారు వెనుక కుడి, రెండోది ముందు కుడి, మూడోది వెనుక ఎడమ, నాలుగోది ముందు ఎడమ కావాలి. యాప్‌కు కలిసి ఉన్నంతసేపూ డ్రోను ఆర్మ్ కాదు, అంటే మోటార్లు నడపడానికి సిద్ధపడదు; అది లోపం కాదు, రక్షణ.

చివరగా, రెక్కలు లేకుండానే, కేబుల్ తీసేసి, బ్యాటరీతో ఆర్మ్ చేసి, థ్రాటిల్ కొద్దిగా పెంచి, ట్రాన్స్‌మిటర్ ఆపెయ్యి. కొద్ది క్షణాల్లో మోటార్లు ఆగాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటార్లు ఆపే ఏర్పాటు) సరిచేసేదాకా రెక్కలు బిగించవద్దు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఈలోగా ఏ కేబుల్‌తో లైటు వెలిగిందో రాసి, ‘డిఫ్ ఆల్’ ఫైలు నాకు పంపు.

నీ మామయ్య