గెడ్డలో కెనూ, చేతిలో ఫ్లై రాడ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒక్కరే కెనూలో (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వెళ్లి చిన్న గెడ్డల్లో, అంటే వాగుల్లో, ఫ్లై ఫిషింగ్ (ఈకలు, వెంట్రుకలతో కట్టిన ‘ఫ్లై’ అనే తేలికైన ఎరను లైన్ బరువుతో విసిరి చేప పట్టడం) చేయడం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు అడిగిన వాటిలో, ఎక్కువ మందికి పనికొచ్చే ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర. వంశధారలో కలిసే గెడ్డల్లో ఏ నెలలో మొదలుపెడితే మంచిది? మొదటిసారి కెనూ ఎక్కడ దింపాలి?

జవాబు: నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలమంతా నీళ్లు ఎర్రగా ఉంటాయి. చేపకు మీ ఫ్లై కనపడదు, మీకు నీటి కింది మోడు కనపడదు. మార్చి దాటాక గెడ్డ ఎండి మడుగులే మిగులుతాయి. అప్పుడు చేప ఒకచోట చేరుతుంది నిజమే, కానీ వేడి నీళ్లలో పట్టి వదిలిన చేప తేరుకోవడం కష్టం. అందుకే వేసవిలో తెల్లారాక రెండు గంటల్లో పని ముగించండి.

మొదటిరోజు నదిలోకి దిగకండి. మోకాలి లోతు నుంచి నడుము లోతు ఉన్న, ప్రవాహం దాదాపు లేని గెడ్డను ఎంచుకోండి. గొట్టా బ్యారేజీ దిగువన వంశధార, తోటపల్లి దిగువన నాగావళి పైకి ప్రశాంతంగానే కనిపిస్తాయి. గేట్లు ఎత్తితే మాత్రం మీ నెత్తిన చినుకు పడకుండానే నీరు పెరుగుతుంది. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగి, ఎండాకులు, నురగ కొట్టుకొస్తుంటే వెంటనే ఒడ్డెక్కండి.

తుపాను వచ్చి వెళ్లాక ఆ గెడ్డను ముందు ఒడ్డు వెంట నడిచి చూడాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తాకినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నీళ్లకు అడ్డంగా పడిన చెట్టు కొమ్మల్లోంచి నీరు పోతుంది, కెనూ పోదు. ప్రవాహం దాన్ని కొమ్మలకు అదిమేసి బోల్తా కొట్టిస్తుంది. అడ్డంగా వల కట్టి ఉంటే దాన్ని తెడ్డుతో ఎత్తకండి. దిగి, కెనూ మోసుకుని పక్కనుంచి వెళ్లండి, అది ఒకరి కూడు. చెరువైతే ముందు మత్స్యకార సంఘం వాళ్లను అడగాలి, చాలా చెరువులు వాళ్ల లీజులోనే ఉంటాయి.

ప్రశ్న: బొబ్బిలి నుంచి. కొర్రమీను కోసం ఏ రాడ్, ఏ లైన్, ఎంత లీడర్ (లైన్ చివర కట్టే నైలాన్ పోగు)? దుకాణంలో తలో మాట చెబుతున్నారు.

జవాబు: 8 నుంచి 9 అడుగుల 6 నంబరు రాడ్, దానికి 6 నంబరు తేలే లైన్ (ఈ నంబరు లైన్ బరువును బట్టి ఇచ్చేది). ముందు భాగం బరువుగా ఉండే రకం తీసుకోండి, దగ్గరి విసురుకు అదే అనువు. లైన్ డబ్బా మీద వేడి ప్రాంతాలకు అని ఉందో లేదో తప్పక చూడండి. చలి దేశాల ట్రౌట్ చేప కోసం చేసిన లైన్ మన ఎండకు మెత్తబడి, జిగురుపట్టి రాడ్ రింగుల్లో జారదు. విసరడం రాలేదని చాలామంది తమను తాము తిట్టుకుంటారు, తప్పు లైన్‌ది. దోమల మందు చేతికి రాసుకుని లైన్ పట్టుకున్నా దాని పూత పాడవుతుంది. అరచేతులు కడుక్కున్నాకే ముట్టుకోండి.

లీడర్ మొత్తం 7 అడుగులు దాటనక్కర్లేదు. 40 పౌన్ల బరువు ఆపే నైలాన్ మూడున్నర అడుగులు, 30 పౌన్లది ఒకటిన్నర, చివర 20 లేదా 25 పౌన్లది రెండడుగులు. ముడులు బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడి ముడి రాపిడికి కాలి బలం పోతుంది. కొర్రమీనుకు స్టీలు తీగ అక్కర్లేదు. కానీ పళ్లు నైలాన్‌ను గీస్తాయి. ఒక్కో చేప తర్వాత చివరి ఆరంగుళాలు వేళ్ల మధ్య లాగి చూడండి. గరుకు తగిలితే కోసేసి మళ్లీ కట్టండి.

ప్రశ్న: కూర్చుని విసిరితే ఫ్లై ప్రతిసారీ వెనక మొగలి పొదల్లో చిక్కుతోంది. సగం రోజు పొదల్లోనే పోతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు కెనూ నిలిపే తీరు మార్చండి. మీరు ఒడ్డుకు ఎదురుగా తిరిగి తిన్నగా ఒడ్డు మీదకు విసురుతున్నట్టున్నారు. అలా విసిరితే వెనక్కి వెళ్లే లైన్ అవతలి ఒడ్డు మొగలి మీదే పడుతుంది, ఆ ముళ్ల ఆకులు వదలవు. కెనూను గెడ్డ నడుమ, గెడ్డ పొడవునా ఉంచి, ఒడ్డు మీదకు ఏటవాలుగా విసరండి. అప్పుడు వెనక లైన్‌కు నీళ్ల మీది ఖాళీ దొరుకుతుంది.

కూర్చున్నప్పుడు మీ చెయ్యి నీటికి రెండు మూడు అడుగులు దగ్గరవుతుంది. అందుకే వెనక విసురు కిందికి వాలి నీటిని తాకుతుంది. రాడ్‌ను గడియారం ముల్లు అనుకుని, 12 దాటగానే ఆపేయండి. పొదలు గొడుగులా వంగిన చోట రాడ్‌ను పక్కకు పడుకోబెట్టి, నీటికి అడుగు ఎత్తులో తిప్పండి. వెనక చోటే లేకపోతే రోల్ కాస్ట్: లైన్‌ను నీటి మీద నెమ్మదిగా వెనక్కి జరిపి, భుజం పక్కన అది బొజ్జలా వేలాడే దాకా ఆగి, ముందుకు ఒక్క విసురు. నీరు లైన్‌ను పట్టి ఉంచడం వల్లే ఇది పని చేస్తుంది, తొందరపడి లైన్ నీటిలోంచి లేచిపోతే కుప్పగా పడుతుంది. ఇక్కడ 30 అడుగులు చాలు. 60 అడుగుల విసురు కోసం ఊగితే కెనూ ఊగుతుంది, ఆ అల మీ ఫ్లై కన్నా ముందే కొర్రమీనుకు చేరుతుంది.

లాగిన లైన్ కాళ్ల దగ్గర పడేస్తే చెప్పు, తెడ్డు, క్లిప్పు, ఏది ఉంటే దానికి చుట్టుకుంటుంది. రెండంగుళాల నీళ్లు పోసిన ప్లాస్టిక్ టబ్బు మోకాళ్ల ముందు పెట్టి అందులోకి వదలండి. టబ్బు లేనిరోజు తడిపిన తుండుగుడ్డ పరిచినా సరిపోతుంది.

ప్రశ్న: రాజాం నుంచి. నాగావళిలో లంగరు వేస్తే కెనూ ఒరిగి నీళ్లు లోపలికి వచ్చాయి. తాడు నేను కూర్చునే బల్లకు కట్టాను. రెండు కేజీల లంగరు చాలదా?

జవాబు: తప్పంతా తాడు కట్టిన చోటులో ఉంది. ఈ జవాబు ఒకటికి రెండుసార్లు చదవండి, ప్రాణాలు పోయేది ఇక్కడే. నడుమ కట్టిన తాడు పడవను ప్రవాహానికి అడ్డంగా తిప్పుతుంది. 12 అడుగుల పక్కభాగమంతా నీరు తోస్తుంటే, తాడు ఎగువ అంచును కిందికి లాగుతుంది. ఆ అంచు మీంచి నీళ్లు పడటం మొదలైతే బోల్తా పడటానికి క్షణాలు చాలు. లంగరు బరువు పెంచితే ఈ లాగుడు ఇంకా పెరుగుతుంది.

తాడు అణియం (ముందు) కొసకో అమరం (వెనక) కొసకో మాత్రమే కట్టాలి. మీరు కూర్చున్న చోటు నుంచి అది అందదు కాబట్టి, కెనూ పక్కన రెండు కొసల్లో రెండు రింగులు బిగించి, వాటిగుండా 4 మిల్లీమీటర్ల తాడును గుండ్రంగా తిప్పండి. ఆ తాడుకు ఒక చిన్న రింగు కట్టి, లంగరు తాడును అందులోంచి దూర్చండి. లంగరు వేశాక గుండ్రటి తాడు లాగితే రింగు కొసకు వెళ్తుంది. లంగరు తాడు పొడవు లోతుకు కనీసం మూడింతలు. చివర జారుముడే వెయ్యాలి, ఒక్క లాగుకు ఊడిపోవాలి. కత్తి లైఫ్‌జాకెట్ మీదే ఉండాలి, సంచిలో కాదు. లైఫ్‌జాకెట్ జిప్పు వేసే ఉండాలి.

ప్రవాహం చురుగ్గా ఉన్న చోట అసలు లంగరు వద్దు. కెనూ ఒడ్డుకు లాగి, నిలబడి విసరండి. గెడ్డల్లో లంగరు కన్నా ఏడడుగుల వెదురు గెడ మేలు. అమరం దగ్గర బురదలో గుచ్చి తాడు తగిలిస్తే చప్పుడే ఉండదు. నెమ్మదిగా జారుతూ పోవాలంటే కేజీన్నర ఇనుప గొలుసుకు పాత సైకిల్ ట్యూబు తొడిగి అమరం నుంచి అడుగున ఈడ్చండి. ట్యూబు లేని గొలుసు గలగలకు మడుగంతా ఖాళీ అవుతుంది. రాళ్లున్న చోట గొలుసు ఇరుక్కుంటుంది, అక్కడ వాడకండి.

గాలికి అణియం గిర్రున తిరిగిపోతోందని ఇద్దరు రాశారు. మీరు వెనక కూర్చోవడంతో ముందు కొస లేచి తెరచాపలా గాలి పడుతోంది. ముందు కొసలో 10 లీటర్ల నీళ్ల డబ్బా కట్టండి, సరిపోతుంది.

ప్రశ్న: కొర్రమీను దభీమని మింగుతుంది, నేను రాడ్ ఎత్తగానే ఫ్లై నా మొహం మీదకు ఎగిరొస్తుంది. ఐదింట నాలుగు ఇలాగే పోతున్నాయి.

జవాబు: రాడ్ ఎత్తడమే కారణం. చప్పుడు వినగానే కాదు, లైన్‌లో బరువు తెలిశాకే కదలాలి. ఫ్లై లాగేటప్పుడు రాడ్ కొన నీటిని తాకుతూ, లైన్‌కు సూటిగా ఉండాలి. బరువు తెలియగానే ఎడమచేత్తో లైన్‌ను ఒకటిన్నర అడుగు గట్టిగా వెనక్కి లాగండి, ఆ తర్వాతే రాడ్ ఎత్తండి. దాని నోరు ఎముక, మెత్తటి రాడ్ వంపుతో గేలం దిగదు. గేలం మొన బొటనవేలి గోటి మీద పెట్టి జరపండి. జారితే సానపట్టాలి, పట్టుకుంటే చాలు.

తప్పిపోతే ఫ్లై తీసేయకండి. అక్కడే ఆపి మూడు లెక్కపెట్టి చిన్నగా ఒక్కసారి కదపండి. చాలాసార్లు మళ్లీ వస్తుంది. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. గుర్రపుడెక్క అంచున చిన్న బుడగ, మెల్లగా విచ్చుకునే వలయం కనిపిస్తే దానికి రెండడుగులు అవతల వేసి, ఆ చోటు మీదుగా లాగండి.

ఒకటి మాత్రం వేడుకుంటున్నాం. నీటి మీద ఎర్రటి పిల్లలు గుంపుగా ఉడుకుతున్నట్టు కదులుతుంటే కింద తల్లిదండ్రులు కాపలా ఉన్నట్టే. ఫ్లై ఏది వేసినా కోపంతో కొడతాయి కాబట్టి పట్టడం తేలిక. పట్టితే ఆ పిల్లల్ని పరిగెల నుంచి పక్షుల దాకా అన్నీ తినేస్తాయి. అక్కడ వేయకండి.

ప్రశ్న: కొన్న ఫ్లైలు ఖరీదు. ఇంట్లో కట్టుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. 2/0 గేలం, పాత హవాయి చెప్పు, నాటుకోడి పుంజు మెడ ఈక, మేక వెంట్రుకలు, గట్టి దారం, ఫెవిక్విక్. ముందు గేలం కాడ పొడవునా దారం దగ్గరగా చుట్టండి. ఈ మెట్టు వదిలేస్తే రబ్బరు కాడ చుట్టూ తిరిగిపోతుంది. తోకగా 4 సెంటీమీటర్ల మేక వెంట్రుకలు కట్టాలి. చెప్పు రబ్బరును 3 మిల్లీమీటర్ల మందానికి కోసి, సెంటీమీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు ముక్క తీసి తోక దగ్గర కట్టండి. ఈకను కాడ చుట్టూ ఆరేడు చుట్లు తిప్పి, రబ్బరును పైనుంచి ముందుకు మడిచి కన్ను వెనక బిగించండి. ముందు మిగిలిన పెదవి 6 మిల్లీమీటర్లు ఉంటే బుడబుడమంటుంది. రబ్బరు వెడల్పు ఎక్కువైతే మొనకూ కాడకూ మధ్య ఖాళీ మూసుకుపోయి చేప తప్పిపోతుంది, చాలామంది చేసే తప్పు ఇదే. డెక్కలో చిక్కకుండా 25 పౌన్ల నైలాన్ ముక్కను గేలం వంపు దగ్గర నుంచి కన్ను దాకా ఉంగరంలా కట్టండి. తెల్లవారుజామున నల్లరంగే మేలు, కిందినుంచి చూసే చేపకు ఆకాశం మీద నలుపే స్పష్టం.

ప్రశ్న: కళింగపట్నం దగ్గర ఉప్పుటేరులో పండుగప్ప పడుతుందా?

జవాబు: పడుతుంది. 8 నంబరు రాడ్, చివర 40 పౌన్ల నైలాన్ కావాలి, దాని మొప్ప అంచు బ్లేడు లాంటిది. పాటు (సముద్రపు నీరు వెనక్కి తీయడం) మొదలయ్యాక పక్కపాయలు పెద్ద ఏటిలో కలిసే చోట, దిగివచ్చే రొయ్యల కోసం కాచుకుని ఉంటుంది. పోటుతో పైకి వెళ్లి పాటుతో తిరిగి రండి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని లెక్కలో పెట్టుకోకపోతే బురదలో కూరుకుపోతారు. పాటు వేళ మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) వైపు మాత్రం కెనూ తిప్పకండి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆ లాగుడుకు తెడ్డు ఆగదు. ఇంటికి రాగానే రీలు, రాడ్ రింగులు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.