లోడు పెట్టగానే 12 వోల్టులు 9.6కి పడిపోతుంటే ఐసీని అనుమానించకండి

మీరు రాసింది ఇదీ: కర్నూలులో ఇంట్లోనే కట్టుకున్న సప్లై. 12 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, చివర వోల్టేజిని 12 దగ్గర నిలబెట్టే 7812 ఐసీ. ఏమీ తగిలించకపోతే 12.02 వస్తోంది. 0.7 ఆంపియర్ తీసుకునే ఆంప్లిఫయర్ తగిలిస్తే 9.6కి పడిపోయి స్పీకర్ బుయ్‌మంటోంది. ఐసీ రెండుసార్లు మార్చినా అంతే.

మూడోది కొనకండి. నేను కొన్నాను కాబట్టి చెబుతున్నా.

మా చిన్నాయనకు కూడేరులో టైలర్ షాపు ఉండేది. పాటలు వినడానికి చిన్న ఆంప్లిఫయర్ బోర్డు, దానికి 12 వోల్టుల సప్లై అనంతపురంలో మా ఇంట్లో కట్టిచ్చాను. 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 2200 కెపాసిటర్, 7812. ఇంట్లో రాత్రంతా పాడింది. షాపులో పెడితే పొద్దున పది దాటాక హమ్ము (అదే బుయ్‌మనే శబ్దం), మీటర్లో పదిన్నర వోల్టులు. టవర్ క్లాక్ దగ్గర ఐసీ కొనడం, ఉరవకొండ బస్సెక్కడం, మార్చడం. ఇలా మూడుసార్లు. ప్రతిసారీ పాతది ఇంటికి తెచ్చి పెడితే శుభ్రంగా 12 చూపించేది. "ఏమిరా, టౌన్లో పాడేది పల్లెలో పాడదా?" అని చిన్నాయన అందరి ముందే అన్నాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఫ్యాను మెల్లగా తిరగడం చూసి గోడ ప్లగ్గులో మీటర్ పెట్టాను. 172 వోల్టులు! చుట్టుపక్కల బోర్లన్నీ షాపుకు కరెంటిచ్చే వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీదే, అందరూ ఒక్కసారే మోటార్లు వేసేవాళ్ళు. 230కి 15 ఇచ్చేది 172కి 11 చిల్లర ఇస్తుంది. దాని శిఖరం, అంటే ఏసీ అల ఎక్కే అత్యధిక వోల్టేజి, 16 లోపే, డయోడ్లు ఒకటిన్నర తినేస్తే 14 చిల్లర. కెపాసిటర్ దగ్గర ఎగుడుదిగుళ్ళు పోగా ఐసీకి అందేది ఒక్కోసారి 12 కూడా ఉండదు. 7812 తన పని చేయాలంటే బయటికిచ్చే దానికన్నా కనీసం 2 వోల్టులు ఎక్కువ లోపలికి రావాలి. లోపలికి రానిది బయటికి ఎక్కడినుంచి ఇస్తుంది పాపం?

మీ లెక్కా అదే దారి, కాకపోతే కరెంటు బాగున్నా మీది నిలబడదు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ శిఖరం 17, డయోడ్లు పోగా 15.5. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి నాలుగు డయోడ్ల బ్రిడ్జి తర్వాత కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతుంది. నిండడానికీ నిండడానికీ మధ్య 0.7 ఆంపియర్‌కు 1000 మైక్రోఫారడ్ 6 నుంచి 7 వోల్టుల దాకా దిగిపోతుంది. అంటే 15.5కీ 9కీ మధ్య ఊగుతోంది. ఐసీ బయట పైభాగం 12 దగ్గర తెగి, కిందిభాగం 7కి జారుతుంది. మీటర్ చూపేది సగటు, అందుకే మీకు 9.6. ఆ బుయ్‌మనే శబ్దం కూడా ఆ ఊపే. 12 కావాలంటే 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అనే పొరపాటు మొదట్లో అందరం చేసిందే. లోడు లేనప్పుడు కెపాసిటర్ శిఖరం దగ్గరే నిలిచి ఉంటుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఇది నా లెక్క. మీరు కొలిచి చూసుకోండి. ఆంప్లిఫయర్ పాడుతుండగానే 7812 ఇన్‌పుట్ కాలికీ గ్రౌండుకీ మధ్య డీసీ వోల్టేజి చూడండి. 13 ప్రాంతంలోనో ఇంకా కిందో ఉంటే ఐసీది తప్పు కాదు. లోడు తీసేసి కొలిస్తే మాత్రం ఏమీ తెలియదు. ఎగుడుదిగుళ్ళు చూద్దామని మీటర్‌ను ఏసీకి తిప్పకండి, చౌక మీటర్లు డీసీని కూడా ఏసీగా లెక్కేసి ఏదో ఒక పెద్ద అంకె చూపిస్తాయి. దానికన్నా కరెంటు ఆపి, పాత కెపాసిటర్‌కు పక్కనే ఇంకో 2200ది ప్లస్ మైనస్ సరిగ్గా చూసుకుని తగిలించండి. హమ్ము తగ్గి వోల్టేజి పెరిగిందా, జబ్బు దొరికినట్టే. కొంచెం కూడా మారకపోతే డయోడ్లు చూడాలి. నాలుగింటిలో ఒక్కటి తెగినా సగం అలే వస్తుంది, ఊపు రెట్టింపవుతుంది.

ఇంకో మాట, మీటర్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఎప్పుడు మార్చారు? అది దిగిపోతే చౌక మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఒకసారి మంచి సప్లైలో 14 చూపిస్తే సగం పొద్దు దాన్ని విప్పుతూ కూర్చున్నాను. 7812 అంటే ఖచ్చితంగా 12.00 రావాలని కూడా లేదు, 11.5 నుంచి 12.5 దాకా మంచిదే.

మందు విషయానికొస్తే, కెపాసిటర్ ఒక్కటే 4700 చేస్తే చాలావరకు కుదురుతుంది కానీ అంచున ఉంటుంది, కరెంటు కాస్త తగ్గగానే మళ్ళీ హమ్ము. పైగా డీసీలో 0.7 తీయాలంటే ట్రాన్స్‌ఫార్మర్ 1.1 ఆంపియర్ పైనే మోయాలి, మీది 1. కాబట్టి 15 వోల్టుల 2 ఆంపియర్లది తీసుకోండి. కెపాసిటర్ 3300, 35 వోల్టులది. 25ది వద్దు, లోడు లేనప్పుడు రాత్రిపూట కరెంటు పెరిగితే దాని అంచు దాటుతుంది. ఐసీ మీద నాలుగైదు వాట్ల వేడి పడుతుంది, హీట్‌సింక్ తప్పదు. కొత్త ఐసీ గ్రౌండు కాలికి టంకం బాగా పట్టిందో లేదో కూడా చూడండి. ఆ కాలు వదులైతే లోపలికొచ్చే వోల్టేజి దాదాపు మొత్తం బయటికి దూకి మీ ఆంప్లిఫయర్‌ను తినేస్తుంది.

చిన్నాయన షాపుకు మొదట 18 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేశాను. పగలు బాగానే పాడింది. మోటార్లు ఆగి కరెంటు పెరిగాక, అందులోనూ మే నెలలో రేకుల కప్పు కింద, హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టలేకపోయాం. చివరికి 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునే 12 వోల్టుల 2 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (స్విచ్చింగ్ పద్ధతిలో పనిచేసే) అడాప్టర్ కొనిపెట్టాను. మీకు సొంతంగా కట్టాలనే పట్టుదల లేకపోతే నేనైతే ముందే అది కొనుక్కోమంటాను. కట్టాలనే ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ కొనేముందు లోడు మీద ఐసీ ఇన్‌పుట్ వోల్టేజి, గోడ ప్లగ్గు వోల్టేజి, ఈ రెండూ ఒకసారి కొలిచి చెప్పండి.